కూవం పొంగిన నాటి తీర్పు

మిలిటరీ ట్రక్కు మమ్మల్ని చింతాద్రిపేటలో దించేసరికి తెల్లవారింది. వాన ఆగలేదు. కూవం నది గట్టు దాటి ఇళ్ళలోకి వచ్చేసింది. మా దగ్గర రబ్బరు పడవ ఒకటి, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. సందుల్లో చిక్కుకున్నవాళ్ళను బయటికి తేవాలి. అదే ఆర్డరు. జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తమిళ నగరంలో మాకు అప్పగించిన సందు మాత్రం తెలుగువాళ్ళది.

ఒక మేడమీంచి పెద్దావిడ చెయ్యూపింది. చర్చి బడిలో పంతులమ్మగా చేసి మానుకున్నదట. పడవ గోడకు ఆనించాం. ఆవిడ ఎక్కలేదు. ఎదురింటి కింది గది చూపించింది.

"ఆడ ఒకడున్నాడు నాయనా. ముందు వాణ్ణి తీయండి."

అతనెవరో కూడా చెప్పింది. తాగి వ్యాను నడిపి ఆవిడ కొడుకును చంపినవాడు. జైలు నుంచి వచ్చి మళ్ళీ అదే సందులో ఉంటున్నాడు.

నడుముకు తాడు కట్టుకుని దిగాను. నీళ్ళు ఛాతీదాకా ఉన్నాయి. పైన తీగలు వేలాడుతున్నాయి. కరెంటు తీశారో లేదో ఎవరికీ తెలియదు. కాలికి ఏది తగిలినా తీగేమోనని ఒక అడుగు వెనక్కి వేసేవాణ్ణి.

అతను మంచంమీద మోకాళ్ళూని కిటికీ ఊచలు పట్టుకున్నాడు. నీళ్ళు అతని గొంతు దగ్గరికొచ్చాయి. తాడు అందిస్తే తీసుకోలేదు.

"ఇది దేవుడు నాకేసిన శిక్ష సార్. మీరు పోండి."

ఆ మాటకు నేను ఉన్నచోటే ఆగిపోయాను. మా నాయనమ్మ నేర్పిన దేవుడూ అలాంటివాడే. పాపానికి రక్తం చిందితేగాని ఆయన కోపం చల్లారదనేది. మన బదులు యేసు ఆ దెబ్బ తిన్నాడనేది. ఆ దేవుడే ఈ నీళ్ళు పంపి ఉంటే, అడ్డుపడడానికి నేనెవరిని?

వాకీటాకీలో హవల్దార్ గొంతు వినిపించింది. "నీళ్ళు పెరుగుతున్నాయి. వచ్చెయ్."

అప్పుడు, అతని మాట కిటికీలోంచి విన్న ఆవిడ మేడమీంచి కేకేసింది.

"మనల్ని శిక్షించేదే ఆయనకు కావాలంటే తానే సిలువెందుకు మోస్తాడు రా? చెడిపోయినోళ్ళని బాగుచేసేదానికి దిగొచ్చినాడు. నువ్వు మునిగిపోతే నా బిడ్డ తిరిగొస్తాడా? తాడు పట్టుకో."

అతని వేళ్ళు ఊచల మీంచి వదులయ్యాయి. తాడు చంకల కింద వేసి లాగాను. గుమ్మం దాటాక, వెనక మంచం తేలి గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

తర్వాత ఆవిడను ఎక్కించుకున్నాం. నీళ్ళు తీశాక యూనిట్‌కు వెళ్ళిపోయాం. సర్వీసు ముగించుకుని నేను నెల్లూరు చేరాను. ఆ ఇద్దరూ తర్వాత మాట్లాడుకున్నారో లేదో తెలియదు. పడవలో మాత్రం ఆవిడ మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. పడవ ఊగినప్పుడల్లా అతను జారిపోకుండా, అతని తడిసిన చొక్కా కాలరును పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆ చెయ్యి నా కళ్ళలోంచి పోదు.