నాగమ్మ అరచెయ్యి

కందులు చెరిగేటప్పుడు పురుగు కనబడితే బతికుండగానే ఆకు మీదికెత్తి పెరట్లో విడిచే మనిషి నాగమ్మ. బీదర్ వైపు నుంచి జహీరాబాదుకు కోడలిగా వచ్చిన నాటి నుంచి, మెడలోని ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజ చేయనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అలాంటి తల్లికి ఎండ్రకాయలు కోసే కొడుకు పుట్టాడు. రాత అంటే ఇదే మరి!

కొడుకు గురులింగప్ప హైదరాబాదులో ఎండ్రకాయల నరాల మీద పరిశోధన చేస్తున్నాడు. పందొమ్మిది వందల ఎనభై మూడులో నాగమ్మ ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. లింగం అరచేతిలో నిలవదు. జారి పడితే అంతకన్నా ఘోరం లేదామెకు. కోడలు శరణమ్మ చెయ్యి ఆసరా ఇస్తానన్నా ఒప్పుకోలేదు. పూజ లేదు కనుక తిండీ మానింది. చెయ్యి మాట వినదు, నియమం వదలదు. రెండింటి మధ్యా ఆమె ఊపిరాడక కొట్టుకుంది.

గురులింగప్ప మందు గోలీలు పట్టుకొచ్చాడు.

"అవ్వా, మన లోపల కబురు మోసే మందొకటుంటది. డోపమైన్ అంటరు. ఒక నరం దాన్ని వదుల్తది. పక్క కణం మీద దానికోసమే ఒక తలుపుంటది. గా తలుపు తడితెనే చెయ్యి మాటింటది. నీకు గా మందు తక్కువైంది. ఈ గోలీ లోపలికి పోయి గదే అయితది."

"నీకెట్ల తెల్సు?"

"ఎండ్రకాయలకు గూడ గదే మందు. ముడుసుకున్నదానికి సూదేస్తే కాళ్లు సాపి లేసింది."

అంత చదువు చదివాడు, ఎక్కడ ఏది చెప్పకూడదో మాత్రం నేర్వలేదు. అవి ఎండ్రకాయల్ని నూరి చేసిన గోలీలని నాగమ్మ ఖాయం చేసుకుంది.

"జీవాల రసం నా నోట్ల పోస్తవా? సావనియ్యి నన్ను."

"కాదవ్వా, కార్ఖానల చేసింది. ఒట్టు."

"నన్ను బతికించుకోనీకి ఎన్ని ఒట్లన్న ఏస్తవ్ నువ్వు."

మర్నాడు పొద్దున మళ్ళీ పూజకు కూర్చుంది. లింగం జారి ఒళ్ళో పడింది. దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కొడుకును పిలిచింది.

"లేసిన ఎండ్రకాయను తర్వాత ఏం చేసినవ్?"

వాగులో విడిచానంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. తల్లి ముఖం చూసి అనలేకపోయాడు.

"కోసిన, అవ్వా."

నాగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అబద్ధమాడేటోనివైతే ఇడిసిపెట్టిన అనేటోనివి," అంది. "నీ ఒట్టు గూడ నిజమే. గోలీ ఏసుకుంట. శరణమ్మకియ్యి, అది ఏస్తది. నీ చెయ్యి నాకొద్దు."

గురులింగప్ప గోలీని భార్య చేతిలో పెట్టి, గడప అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.