సూరమ్మ పొద్దుటి రక్తం

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వులాట. శ్మశానం పక్కన ఇల్లు ఎవరూ తీసుకోవడం లేదంటే, గాలి బాగా వస్తుందని నేనే చేరి ఏళ్ల తరబడి హాయిగా కాపురం చేశాను. మా ఆవిడ శకునం చూస్తుంటే నేను గడప దాటి ఎదురు చూసేవాణ్ణి. ఈ సంగతి గుర్తుపెట్టుకుని తక్కింది చదవండి.

అరవైల చివర శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేసేవాణ్ణి. వరికోతలు మొదలైతే మాకు రక్తపింజరి పాము కాట్లు మొదలైనట్టే. ఆ విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు. చిగుళ్ళలోంచి, సూది గుచ్చిన చోటునుంచి కారుతూనే ఉంటుంది. మా పరీక్షలో బ్రహ్మవిద్యేమీ లేదు. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, ఒంటివేడి తగిలేలా గుప్పిట్లో పట్టుకుని, ఉండుండి వంచి చూడటం. గడ్డకడితే కదలదు, లేకపోతే నీళ్ళలా జారుతుంది.

ఆ ఉదయం శ్రీముఖలింగం వైపునుంచి సూరమ్మ అనే అమ్మాయిని తెచ్చారు. కోత కోస్తుంటే పాదం మీద కాటు పడింది. చంటిబిడ్డ తల్లి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, సూరమ్మ తల్లి పైడమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది.

రక్తం తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. ఎంతసేపు చూసినా జారుతూనే ఉంది. డాక్టరుగారు ఆసుపత్రిలో ఉన్న పాము విషం విరుగుడు సీరమంతా ఎక్కించేశారు. మళ్ళీ కావాలంటే విశాఖపట్నంనుంచి రావాలి. సాయంత్రం పరీక్షలోనూ రక్తం గడ్డకట్టకపోతే ఇక మన చేతిలో ఏమీ లేదని నాతో మెల్లగా అన్నారు.

గొట్టం పట్టుకుని లేస్తుంటే పైడమ్మ అడిగింది.

"ఆ రగతం ఏటి సేస్తావు బాబూ?"

"పారబోస్తానమ్మా. దాంతో ఇంక పనిలేదు."

"ఒద్దు బాబూ. మా పిల్ల లెగిసిందాకా ఉంచు. బయటికొచ్చీసినా అది దానిదే గదా."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ ముఖం చూశాక కాదనలేకపోయాను. సూరమ్మ పేరు రాసిన చీటీ అంటించి, గొట్టాన్ని లాబొరేటరీ కిటికీ దగ్గర స్టాండులో పెట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీరం ఎక్కేది ఒంట్లోకి. ముందే బయటికి తీసిన రక్తానికి దానితో సంబంధం లేదు. గడ్డకట్టే సరుకును విషం అప్పటికే తినేసింది కనుక ఆ గొట్టం ఇక ఎన్నటికీ గడ్డకట్టదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ వంచి చూశాను. అడుగున ఎర్రటి మడ్డి, పైన పసుపుపచ్చటి నీరు తేరి ఉంది. గలగలా కదిలింది. గది తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను.

భోజనం నుంచి నేరుగా వార్డుకే వెళ్ళి, సాయంత్రం మళ్ళీ రక్తం తీశాను. గుప్పిట్లో పట్టుకున్నాను. వంచితే జారింది. మళ్ళీ వంచాను, జారింది. ఆ పిల్ల మీద నాకు ఆశ పోయింది. ఇంకోసారి వంచితే కదల్లేదు.

"ఏటైనాది బాబూ?" అంది పైడమ్మ.

"గడ్డకట్టిందమ్మా."

ఆవిడ బిడ్డను తీసి సూరమ్మ పక్కలో పడుకోబెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇక మాట చెల్లింది కదా అని లాబొరేటరీకొచ్చి తాళం తీశాను. పొద్దుటి గొట్టాన్ని తొట్టిలో వంపాను. ఏమీ పడలేదు. తలకిందులు చేశాను. చుక్క కూడా రాలలేదు. పైనున్న పసుపు నీరు తోడుకున్న పెరుగులా బిగుసుకుని ఉంది. చీటీ మీద రాత నాదే.

డాక్టరుగారికి చూపిస్తే, గొట్టం సరిగ్గా కడిగి ఉండరన్నారు. కడిగింది నేనే. పోనీ మురికే అనుకుందాం, మురికి పొద్దున్న చేయని పని సాయంత్రం చేస్తుందా? ఆయన ఇంకాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి నా చేతికిచ్చేశారు.

సూరమ్మ నడిచి ఇంటికి వెళ్ళింది. వెళ్ళే ముందు పైడమ్మ గుమ్మంలో నిలబడి, "ఇంక పారబోసుకో బాబూ" అంది. గొట్టం సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పాముకాటు వాళ్ళ మొదటి గొట్టాన్ని ఎవరూ అడక్కుండానే అట్టేపెట్టాను. కొందరు బతికారు, కొందరు పోయారు. బతికినవాళ్ళ గొట్టాలు కూడా వంచగానే జారిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి గడ్డకట్టలేదు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ తాళం వేసిన గదిలో ఉన్న ఆ రక్తానికి సూరమ్మ బతికిందన్న కబురు ఎవరు చెప్పారో, అది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.