పెళ్లి ట్రాక్టరు కరెంటు తాగిందెవరు

బిక్కర్ సింగ్ మిస్త్రీకి ఒక జబ్బుంది. పట్టపగలు ఎక్కడైనా బల్బు వెలుగుతూ కనబడితే, దాన్ని ఆర్పేదాకా కాలు ముందుకు పడదు. చుట్టాల ఇళ్లలో ఆర్పాడు, బ్యాంకులో ఆర్పాడు. పశువుల డాక్టరు గేదె కడుపులో చెయ్యి పెట్టి దూడను సరిచేస్తుంటే అక్కడా ఆర్పాడు. ఎనిమిదో తరగతి మూడుసార్లు తప్పినా, కోట్ మెహర్ అడ్డరోడ్డు మీద రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ల వైరింగు పని అతనిదే. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లలో ఏ ట్రాక్టరు దగ్గినా ముందు అతని దగ్గరికే వస్తుంది.

ఇంత పేరున్న మనిషి ఒక్క ఊళ్లో మాత్రం తలెత్తుకోలేడు. అది అత్తగారి ఊరు చక్ భూరా. ఇరవై ఆరేళ్ల కిందట, తన పెళ్లి జీపుకు తానే వైరింగు చేసుకుని, ఏడు రాగాల హారను బిగించి ఊరేగుతూ వెళ్లాడు. పెళ్లికూతుర్ని ఎక్కించుకున్నాక బండి కదలలేదు. బ్యాటరీ మొత్తం హారనే తినేసింది. పెళ్లికొడుకు ఆనవాయితీగా పట్టుకునే కత్తిని చంకన పెట్టుకుని జీపును నెడుతుంటే, పెళ్లికూతురి వైపు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి పాట కట్టేశారు:

*నెట్టవయ్యా నెట్టు, అల్లుడా నెట్టు*
*బండికి లేదు, నీకైనా ఉందా పట్టు!*

పెళ్లిలో వియ్యాలవారిని తిడుతూ పాడడం అక్కడ ఆడవాళ్ల హక్కు. అలిగినవాడే ఓడినట్టు. కానీ పాట ఆ రోజుతో ఆగలేదు. ఆ ఊళ్లో ఈనాటికీ అతని పేరు తోపుడు అల్లుడు.

అందుకే పక్కవీధి లవ్‌జోత్ పెళ్లి చక్ భూరా అమ్మాయితో కుదిరిందనీ, పెళ్లికొడుకు ట్రాక్టరు మీద వెళ్తాడనీ, ఆ ట్రాక్టరు బ్యాటరీ ఊరికూరికే చచ్చిపోతోందనీ వినగానే బిక్కర్‌కు చెమట పట్టింది. బయట పొగమంచు కమ్మిన పుష్యమాసం.

"చాచా, నువ్వే దిక్కు," అన్నాడు లవ్‌జోత్. కుచ్చులు, రంగుదారాలు, అద్దాలు తగిలించిన ట్రాక్టరును ఇంకో ట్రాక్టరుతో షెడ్డుకు లాగించుకొచ్చాడు. "సాయంత్రం నిండా ఛార్జి పెడతాను. మూడో పొద్దుటికి కుక్కిన పేను. నడిపింది కూడా లేదు, గుడ్డ కప్పి ఉంచాను."

"పాటల డబ్బా పెట్టించావు కదా, అదే తాగుతోంది."

"అది లేకపోతే పెళ్లే వద్దు చాచా!"

"అది ఉంటే నా పరువొద్దు!"

లవ్‌జోత్ తాత బాపు అజైబ్ సింగ్ కూడా వెంట వచ్చాడు. ఎనభై ఏళ్ల మనిషి, మందపాటి శాలువా కప్పుకుని పొయ్యి పక్కన ముడుచుక్కూర్చున్నాడు. "డబ్బా కాదురా, హారను. హారను కాకపోతే డైనమో. డైనమో కాకపోతే వాతావరణం," అని సలహాలు మొదలుపెట్టాడు.

బిక్కర్ పద్ధతి ఒకటే. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పుతాడు. ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న బల్బు పెడతాడు. బండిలో అన్నీ ఆపేసి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే దొంగ లోపలే ఉన్నాడు. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు బల్బు ఆరుతుందో ఆ దారిలో దొంగ దొరుకుతాడు.

బల్బు పెట్టాడు. వెలగలేదు. తడిమాడు, కదిపాడు, ఊదాడు. నల్లగా చూస్తోంది. ఇంతలో ఎక్కడో 'కీచ్' అంది.

"ఏమిటది?"

"నా కడుపురా," అన్నాడు బాపు శాలువా బిగించుకుంటూ. "నిన్న ముల్లంగి రొట్టె తిన్నాను."

రెండు రాత్రులు షెడ్డులో ఉంచినా బ్యాటరీ చుక్క దిగలేదు. పొద్దున్నే తాళం తిప్పితే గుర్రంలా లేచింది. ఇంటికి పంపించాడు. మూడో పొద్దున మళ్లీ శవం. మళ్లీ లాక్కొచ్చారు, మళ్లీ బల్బు వెలగలేదు, బాపు కడుపు మాత్రం మళ్లీ కీచుమంది.

"ముల్లంగి ఇంకా అరగలేదా బాపూ?"

"వయసురా బిక్కర్, వయసు. నీకూ వస్తుందిలే."

బండికి మళ్లీ ఛార్జి పెట్టి పంపించి ఇంటికి రాగానే భార్య మల్కీత్ కౌర్ ఎదురొచ్చింది. "ఆదివారం పెళ్లిలో నేను ఎటువైపు నిలబడాలో చెప్పు. పుట్టింటివైపే కదా. పాటకు ఇంకో చరణం కట్టమని ఇప్పటికే కబురొచ్చింది."

"నా పెళ్లానివై ఉండి నన్ను తిడతావా?"

"అక్కడ నేను ఆ ఊరి ఆడపడుచుని. నువ్వు వట్టి తోపుడువి."

ఆ రాత్రి బిక్కర్‌కు అన్నం సహించలేదు. షెడ్డులో బాగుండి ఇంట్లో చచ్చిపోతోంది. బళ్లో చలాకీగా ఆడి, ఇంటికి రాగానే జ్వరం తెచ్చుకునే పిల్లలాగా. జ్వరం బళ్లో లేదంటే, ఇంట్లోనే చూడాలి.

శుక్రవారం మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా లవ్‌జోత్ ఇంటికి వెళ్లి, గుడ్డ తీసి, అక్కడే బల్బు పెట్టాడు. భగ్గున వెలిగింది. అరవబోయి నోరు మూసుకున్నాడు. ఒక్కో ఫ్యూజూ పీకాడు. పాటల డబ్బాది పీకినా వెలుగుతోంది. హారనుది పీకినా వెలుగుతోంది. అన్నీ పీకేసినా నవ్వుతూ వెలుగుతోంది. అంటే ఫ్యూజుల పెట్టెతో సంబంధం లేకుండా, నేరుగా బ్యాటరీ నుంచి ఎవరో తీగ లాగారు. కుచ్చుల వెనక వేలు పెట్టి వెతికితే ఎర్రతీగ దొరికింది. మడ్‌గార్డు కింద నుంచి, సీటు వెనక నుంచి పనిముట్ల పెట్టెలోకి వెళ్లింది. మూత తీశాడు.

లోపల ఇండికేటరు బల్బు ఒకటి వెచ్చగా వెలుగుతోంది. దాని కింద పాత తలపాగా గుడ్డలో, సగం ఈకలు వచ్చిన రెండు పావురం పిల్లలు బుర్రలెత్తి, 'నువ్వు కూడా శనగపిండి తెచ్చావా' అన్నట్టు నోళ్లు తెరిచాయి.

"మూత వెయ్యరా, చలి!" వెనక నుంచి బాపు గొంతు గుసగుసలాడింది.

కథంతా బయటపడింది. పెళ్లికి సున్నాలు వేయించిన కోడలు, ఇంట్లో ఒక్క పావురం కనబడినా ఊరుకోనంది. బాపు తాను పెంచుకునే పావురాలన్నింటినీ స్నేహితుడి మేడకు పంపేశాడు. ఈ రెండింటి తల్లిని మాత్రం డేగ ఎత్తుకుపోయింది. తల్లి వేడి లేక చలికి చచ్చిపోకుండా వీటికి బల్బు పెట్టాడు. బండి షెడ్డుకు బయల్దేరినప్పుడల్లా బల్బు పీకి, పిల్లల్ని శాలువాలో దాచుకుని వెంట వచ్చేవాడు.

"మరి మీ కడుపు?"

"నా కడుపు భేషుగ్గా ఉందిరా. ఇవి పెరిగితే పొద్దున ఎగిరి సాయంత్రానికి గానీ దిగని జాతి. కోడలికి చెప్పావంటే వీటిని పిల్లి పాలు చేసినట్టే."

బిక్కర్ పిల్లల్ని చూశాడు. వెలుగుతున్న బల్బును చూశాడు. చెయ్యి దానంతటదే లేచింది. పట్టపగలు వెలుగుతున్న బల్బును జీవితంలో మొదటిసారి ఆర్పకుండా వదిలేశాడు. కాకపోతే తీగను ట్రాక్టరు నుంచి తెంపి, తన పాత స్కూటరు బ్యాటరీకి కలిపి, మొత్తం కాపురాన్ని గడ్డివాము చాటుకు మార్చాడు.

ఆదివారం ఊరేగింపు చక్ భూరా చేరింది. గుమ్మంలో ఆడవాళ్ల దండు, దానికి ముందు మల్కీత్ కౌర్.

"ఆగండాగండి! మిస్త్రీ ఎవరో తెలుసు మాకు. ఇంజను ఆపి మళ్లీ తిప్పండి, అప్పుడే లోపలికి!"

లవ్‌జోత్ ముఖం పాలిపోయింది. ఇంజను ఆగింది. పాటల డబ్బా, దీపాలు, హారను అన్నీ మోగుతూ వెలుగుతూనే ఉన్నాయి. తాళం తిరిగింది.

ఒక్క దెబ్బకు లేచింది.

ఆడవాళ్లు నోళ్లు తెరిచారు, పాట రాలేదు. ఇరవై ఆరేళ్ల తరవాత బిక్కర్ ఆ గుమ్మంలో మీసం మెలేశాడు.

అప్పుడే లోపలి నుంచి పిలుపొచ్చింది. "తాతల మిల్నీ! పెళ్లికొడుకు తాత రావాలి!"

మిల్నీ అంటే ఉత్తుత్తి దండం కాదు. వియ్యంకులు గట్టిగా కావిలించుకుని ఒకరినొకరు నేలమీంచి పైకెత్తాలి. పెళ్లికూతురి తాత, ఒకప్పటి కుస్తీవాడు, చేతులు చాపి నవ్వుతూ వస్తున్నాడు. బాపు అజైబ్ సింగ్ మాత్రం ఛాతీ పట్టుకుని కంగారుగా బిక్కర్ వైపు తిరిగాడు.

"గడ్డివాములో ఒంటరిగా వదల్లేకపోయానురా," అంటూ రెండు వెచ్చటి ముద్దల్ని బిక్కర్ కోటులోకి తోసేశాడు. "నలిగిపోతాయి, పట్టుకో!"

తాతలు ఒకరినొకరు ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఆ నిశ్శబ్దంలో బిక్కర్ ఛాతీ 'కీచ్ కీచ్' అంది. పై గుండీ పక్కనుంచి రెండు ముక్కులు బయటికొచ్చాయి.

"నా కడుపు..." అన్నాడు బిక్కర్. "ముల్లంగి..."

మల్కీత్ కౌర్ అతన్ని చూసింది, ముక్కుల్ని చూసింది. పుట్టింటి ఆడవాళ్ల వైపు తిరిగి చెయ్యెత్తింది.

*కవలల్ని కన్నాడే తోపుడు అల్లుడు*
*ముక్కులు చూస్తే మేనమామ పోలికలే!*

బిక్కర్ రెండు చేతులూ కోటు మీద అడ్డం పెట్టుకున్నాడు, గాలి తగలకుండా. "కాస్త మెల్లిగా పాడండే," అన్నాడు. "భయపడతాయి."