ముగ్గురు యూసెబియస్‌లు

వన్ టౌన్‌లోని ఒక ప్రెస్‌లో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది రోజారమణి. రోజూ భీమిలి నుంచి బస్సులో వస్తుంది. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గానీ, ఆమె కన్నుగప్పి తప్పు దాటిపోవడం అరుదు.

పోయినేడాది వేసవిలో పోటీ పరీక్షల వాళ్ల కోసం రాసిన ప్రపంచ చరిత్ర ఒకటి అచ్చుకు వచ్చింది. రాసినాయన ఎల్లారావు, రిటైరైన లెక్చరర్. రోమన్ సామ్రాజ్యం చివరి రోజుల అధ్యాయం దగ్గర రమణికి ఒక తప్పు అడ్డం తగిలింది. చర్చి చరిత్ర రాసిన యూసెబియస్ 339లో చనిపోయాడని ఒక పేజీలో ఉంది. పది పేజీల తర్వాత అతనికే 361లో మరణశిక్ష వేశారు.

రెండు ఆదివారాలు లైబ్రరీలో కూర్చుంది. ఆ పేరుతో ముగ్గురు తేలారు. చరిత్ర రాసింది సిజేరియా బిషప్పు. కాన్‌స్టంటైన్ చక్రవర్తికి అవసాన దశలో బాప్తిస్మం ఇచ్చింది నికొమీడియా బిషప్పు. శిక్ష పడింది అంతఃపుర అధికారికి. పుస్తకంలో ముగ్గురూ ఒక్కడే.

ఎల్లారావుకి ఫోన్ చేసింది.

"నువ్వు అక్షరాలు చూసుకో అమ్మా. చరిత్ర నేను చూసుకుంటాను" అన్నాడాయన.

ఆమెకు ఒళ్లు మండింది. నేరుగా ప్రెస్ యజమాని కన్నబాబు దగ్గరికి వెళ్లింది.

"ఆయన లెక్చరరు. మనకెందుకు రమణీ?"

"మన కాడ అప్పలసూరులు ఇద్దరున్నారు గదా బాబూ. బైండింగ్ అప్పలసూరికి జొరమొత్తే మిషన్ అప్పలసూరికి మాత్రలిత్తామేటి?"

కన్నబాబు నవ్వాడు. "నిజమే గానీ ఆ పేజీల ఫారాలు అచ్చయిపోనాయి. ఇప్పుడేటి సేత్తాం?"

"సవరణ అని సిన్న కాయితం అంటిద్దాం. నానే అంటిత్తాను."

ఎల్లారావు ఒప్పుకోలేదు. రెండు వేల పుస్తకాలూ అలాగే లారీ ఎక్కాయి. ఆ రోజు రమణి క్యారేజీ విప్పలేదు.

ఆర్నెల్లకు ఎవరో పాఠకుడు ఎల్లారావుకి ఇదే తప్పు ఎత్తి చూపుతూ ఉత్తరం రాశాడు. అప్పుడాయనే ఫోన్ చేసి, ఆమె దగ్గరున్న వివరాలు పంపమన్నాడు. రమణి నాలుగు పేజీలు రాసి పంపింది.

మొన్న రెండో ముద్రణ ప్రూఫులు వచ్చాయి. బిషప్పులిద్దరినీ విడదీశారు. అంతఃపుర అధికారి మాత్రం ఇంకా చరిత్రకారుడి ఒంట్లోనే ఉన్నాడు.

"ఇద్దరు బయటపడ్డారు గదా. ఈ పాలికి వదిలీ" అన్నాడు కన్నబాబు.

"మూడోవోడు ఏటి పాపం సేసినాడు బాబూ?"

ఎల్లారావుకి అయిదుసార్లు ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. సాయంత్రానికి ఆ పేజీ ఉన్న ఫారం కూడా అచ్చయిపోయింది.