తల్లి పేరు తెలియని గ్రీకువాడు

పోయిన నెల శామీర్‌పేటలో నా మిత్రుడి సంతాప సభ జరిగింది. చిన్నప్పుడు మాతో చదివి ఇప్పుడు నాయకుడైన పటేలు కొడుకు మాట్లాడాడు. చనిపోయినవాడు గుడ్డి దీపం కింద చదువుకున్నాడనీ, తల్లి కూలి చేసి ఆ దీపానికి నూనె కొన్నదనీ చెప్పాడు. నిజానికి నా మిత్రుడికి మాటలు రాకముందే తల్లి పోయింది. సభలో సగం మందికి ఆ సంగతి తెలుసు. అయినా కళ్ళు తుడుచుకున్నారు. నేను లేచి వచ్చేశాను.

పటేలు కొడుకు ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. నేనూ ఆ తరగతిలోనే ఉన్నాను.

మన దగ్గర ఇంకా బాద్‌షా పాలన ఉన్న ఆ రోజుల్లో మేడ్చల్ బడి ఏడో తరగతితో ఆగిపోయేది. పై చదువుకు పట్నం పోవాలి. మా నాయన రైలు స్టేషన్‌లో గుమాస్తా, కాబట్టి నాకు దారి ఉంది. పటేలు కొడుక్కి భూములున్నాయి. నా మిత్రుడి తండ్రి శామీర్‌పేటలో గొంగళ్ళు నేసేవాడు. వాడికి వజీఫా, అంటే సర్కారు ఇచ్చే చదువు ఖర్చు, దొరికితేనే పట్నంలో ఫీజూ హాస్టల్ తిండీ గడుస్తాయి. దొరక్కపోతే చదువు అక్కడితో సరి. వాడు వారమంతా మా ఇంట్లో ఉండి, అప్పట్లో వారపు సెలవైన శుక్రవారానికి ఊరికి నడిచి పోయేవాడు. లెక్కల్లో మాలో ఎవరమూ వాడి దరిదాపుల్లో లేము. పెద్దసారుకూ అది తెలుసు.

ఆ ఏడు బడికి ఒక్క వజీఫా వచ్చింది. ఇవ్వడానికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడన్నారు. లెక్కల్లో పరీక్ష పెడితే మేము పరువు తీస్తామని పెద్దసారు భయపడ్డాడు. అందుకని తలా ఒక ప్రసిద్ధ గణిత శాస్త్రజ్ఞుడి జీవితం పరిశోధించి, ఉర్దూలో రాసి, ఇన్‌స్పెక్టర్ ముందు చదవమన్నాడు. బాగా చదివినవాడికి వజీఫా. పరిశోధించడానికి బడిలో ఒక్క పుస్తకం కూడా లేదు.

"పుస్తకం ఎందుకురా?" అన్నాడు పెద్దసారు. "గొప్పోని బతుకు ఎట్లుంటదో ఎరుక లేదా? బీదింట్ల పుట్టాలె. తల్లి కష్టపడాలె. ఆఖరికి బాద్‌షా పిలిచి శాలువ కప్పాలె. ఇన్‌స్పెక్టర్ సాబ్ కండ్లల్ల నీళ్లు తిరగాలె, గంతే."

"లెక్క యాడ చెప్పాలె సార్?" అని నా మిత్రుడు అడిగాడు.

"లెక్క ఎవడడిగిండ్రా? ఆయన జల్దీ తిని పోవాలె."

గోడకు తగిలించడానికి డ్రాయింగు సారు బొమ్మలు గీశాడు. ఆయనకు ఒక్క మొహమే వచ్చు. గ్రీకువాడికీ ఫ్రెంచివాడికీ మన దేశంవాడికీ అదే గడ్డం, అదే షేర్వాణీ, అదే కుచ్చున్న రూమీ టోపీ. గాలికి కింది పేర్ల చీటీలు ఊడిపోతే, ఏది ఎవరిదో ఆయనకే తెలియక తోచినట్టు అంటించాడు. ఎవరికీ తేడా కనిపించలేదు.

నా మిత్రుడి వంతుకు రేఖాగణితం రాసిన ప్రాచీన గ్రీకువాడు వచ్చాడు. ఇద్దరం చర్చి పాద్రిగారి దగ్గరికి పోయాం. ఆయన ఇంట్లో ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఉండేది. అందులో చూసి, ఈయన ఎప్పుడు పుట్టాడో, ఎలా పోయాడో, తల్లిదండ్రులెవరో ఎవరికీ తెలియదనీ, రాసిన పుస్తకం మాత్రం మిగిలిందనీ చెప్పారు. ఆ పుస్తకంలోని ఒక లెక్క కాగితం మీద చేసి చూపించారు.

తిరిగి వస్తుంటే నా మిత్రుడు ఆ లెక్క కాగితాన్నే చూస్తూ నడిచాడు.

"ఏం రాస్తవ్‌రా?" అన్నాను.

"తెల్వదని రాస్త. లెక్క జేసి చూపిస్త."

"నీయవ్వ, వజీఫా పోతది."

"గంత లెక్క జేసినోనికి దొంగ అమ్మను తెచ్చిపెట్టాల్నా?"

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు పటేలు కొడుకు ముందు చదివాడు. వాడి ఫ్రెంచివాడి తల్లి చేతి గాజులు అమ్మి దీపానికి నూనె కొన్నది. చనిపోయే ముందు ఆ ఫ్రెంచివాడు మన బాద్‌షాకు దీర్ఘాయువు కోరాడు. అతను ఏ లెక్క చేశాడో వాడు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు తీశాడు. నేను చదివిందీ అలాంటిదే, కాకపోతే ఇంకొంచెం చప్పగా ఉంది.

నా మిత్రుడు మూడు వాక్యాలు చదివాడు. ఈయన పుట్టుక ఎవరికీ తెలియదు. చావు ఎవరికీ తెలియదు. ఈయన చేసిన పని ఇది. అని నల్లబల్ల దగ్గరికి పోయాడు.

ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్యలున్నాయి. రెండు, మూడు, ఐదు, ఏడు, అలాంటివి. వాటికి చివర ఉందనుకుందాం అన్నాడు. ఉన్నవన్నీ గుణించి ఒకటి కలుపుదాం. వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి మనం లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఎక్కడో ఉండి తీరాలి. అంటే వాటికి చివర లేదు. అంతే చెప్పి సుద్దముక్క కింద పెట్టాడు. ఆ గదిలో అంతకంటే శుభ్రమైన మాట ఎవరూ అనలేదు.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు.

"ఏ బాద్‌షా కొలువులో ఉండేవాడు?" అని ఉర్దూలో అడిగాడు.

"తెలియదు సాబ్."

"ఇనాం ఏం దొరికింది?"

"తెలియదు సాబ్."

"మరి గొప్పవాడని నీకెలా తెలిసింది?"

నా మిత్రుడు నల్లబల్ల వైపు చూపించాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పెద్దసారు ఆయనకంటే గట్టిగా నవ్వాడు.

వజీఫా పటేలు కొడుక్కి ఇచ్చారు.

నా మిత్రుడి తండ్రి పొద్దుటి నుంచి భుజాన గొంగడితో వరండాలో నిలబడి ఉన్నాడు. పెద్దసారు బయటికి రాగానే ఎదురుపోయాడు.

"మా పోరడు తప్పు చెప్పిండా సార్?"

"తప్పు గాదు. గొప్పోని గురించి చెప్పుమంటే తల్లి తెల్వది, తండ్రి తెల్వదంటడు. ఆకాశంలకెల్లి ఊడివడ్డడా ఆయన?"

పెద్దసారు నవ్వమన్నట్టు చూశాడు కాబట్టి తండ్రి నవ్వాడు.

బట్టల మూట తీసుకోవడానికి ముగ్గురం మా ఇంటికి నడిచాం.

"తెల్వకుంటే ఏదో ఒక పేరు చెప్పకపోయినవ్ కొడుకా," అన్నాడు తండ్రి.

"అబద్ధమైతది నాయినా."

"ఆళ్ల బడి. ఆళ్లు అడిగినట్టు చెప్పాలె గద."

"లెక్క చెప్పిన."

"లెక్క మంచిగ చెప్పినవా?"

"మస్తు మంచిగ చెప్పిన."

ఇల్లు చేరాక తండ్రి మూట తానే నెత్తిన పెట్టుకున్నాడు.

పటేలు కొడుకు పట్నంలో లెక్కల్లో తప్పి ఏడాదికే ఇల్లు చేరాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు నా మిత్రుడికి ఒక రేఖాగణితం పుస్తకం తెచ్చి ఇచ్చాను. మొదటి పేజీల్లో గణిత శాస్త్రజ్ఞుల బొమ్మలూ జీవితాలూ ఉన్నాయి. వాటిని చించి తండ్రికి చుట్ట ముట్టించుకోవడానికి ఇచ్చి, మొదటి లెక్క దగ్గర మొదలుపెట్టాడు. ఉన్ని కత్తిరించే పని అయ్యాక ఇంటి ముందు నేల మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. సగం పుస్తకం దాకా ఒక్కడే వచ్చాడు. అక్కడ ఒక చోట చిక్కుకుని నన్ను అడిగాడు. నేను బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునేవాణ్ణి, చెప్పలేకపోయాను. పట్నంలో మా లెక్కల సారును అడిగితే అది పరీక్షలో రాదన్నాడు. ఆ మాటే వచ్చి చెప్పాను.

"ఇగ తియ్యిరా," అని పుస్తకం నాకే ఇచ్చేశాడు.

ఆ తర్వాత మేము కలిసినప్పుడల్లా మాటలకు తక్కువ కాలేదు. వానలు, గొర్రెలు, ఉన్ని ధర, పిల్లల పెళ్ళిళ్ళు. లెక్కల మాట వాడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.