మూడు వీధుల గొంతు

మా ఆసుపత్రి ఆయమ్మ గొంతెత్తితే మూడు వీధులకు వినబడేది. మందులిచ్చే కాంపౌండరు మాట పక్క బల్లకే వినబడదు. అందుకని హెచ్‌ఐవి మందుల కిటికీ దగ్గర పేర్లు పిలిచే పని ఆమెకు అప్పగించారు. చీపురు చంకన పెట్టుకుని, ఇంటిపేరుతో సహా పిలిచేది. ఆ పని దొరికినందుకు ఆమెకు మహా గర్వం.

ఆ నెల అల్మారాలో ముప్ఫై సీసాలు మిగిలిపోయాయి. మందులు ఉచితమే. కావలసినవాళ్లు బల్లల మీదే కూర్చున్నారు. పేరు వినగానే మాత్రం ఒక్కరూ లేవరు. "అందరికీ చెవుడొచ్చిందా?" అని ఆమె ఇంకా గట్టిగా అరిచేది.

నన్నూ మూడుసార్లు పిలిచింది. కళ్ల డాక్టరు వరుసలో మా పక్కింటాయన నిలబడి ఉన్నాడు. నేను వంగి చెప్పు తాడు కట్టుకుంటున్నట్టు నటించాను. రెండు నెలలుగా మందు లేక, తాపీ పనికి వెళ్లే ఓపిక కూడా పోయింది నాకు.

ఆయమ్మ ఊడ్చుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"కాళ్లెత్తు నాయనా," అని, గొంతు తగ్గించి, "చెప్పుకు తాడే లేదు కదా, ఏం కడుతున్నావ్?" అంది.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూపు పక్కింటాయన మీదికి పోయింది. ఆమె కూడా అటు చూసి నాలుక్కరుచుకుంది.

"నా నోరు మండ! మిమ్మల్ని తరిమేస్తున్నది నేనేనన్నమాట. సరే, నేను 'బకెట్' అని కేకేస్తా. ఆ మూలనున్న బకెట్ పట్టుకుని వెనక గుమ్మానికి రా. సీసా అక్కడిప్పిస్తా."

అలా నేను బకెట్నయ్యాను. లెక్కల పంతులమ్మ తడిగుడ్డ, లారీ డ్రైవరు నిచ్చెన. చూసేవాళ్లకు మేమంతా ఆసుపత్రి పనివాళ్లం. ఉత్త చేతులతో వెళ్తే బాగోదని వరండా కూడా కడిగేవాళ్లం.

కొత్తగా వచ్చిన ఆఫీసరు గచ్చు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంతమంది పనివాళ్లను ఎవరు పెట్టారు?"

"అల్మారా కూడా చూడండి సార్," అంది ఆయమ్మ. "అదీ ఖాళీగా, శుభ్రంగా ఉంది."

ఆరేళ్లు గడిచాయి. నాకు ఒక్క నెల మందు తప్పలేదు. ఈ ఊళ్లో నేను కట్టిన గోడలన్నీ ఆమె చలవే. ఆమె ఉద్యోగం ఆఖరి రోజున నేను వెళ్లేసరికి, పక్కింటాయన అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి ఉన్నాడు. నేను ఆమె దగ్గరికే నడిచాను.

"ఇవాళ బకెట్ వద్దు ఆయమ్మా. పేరుతో పిలువు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మెల్లిగా పిలవనా?"

"మూడు వీధులకూ వినబడాలి."

నేను వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. ఆమె కిటికీ ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో సహా పిలిచింది. పక్కింటాయన వెనక్కి తిరిగాడు.

నేను లేచాను. చెప్పుల వైపు చూసుకోలేదు.