సోమవారం నైట్ షిఫ్టు ఎప్పుడు ముగుస్తుంది?

అది 2023 ఎండాకాలం. బొగ్గుబావి కార్మికులుండే సెంటినరీ కాలనీలో మా క్వార్టరు వరుసకు చివరిది. మా ఆయన ఇక్కడి బడిలో సారు. నేను ఇంట్లోనే కూర్చుని చిన్న దుకాణాలకు, క్లినిక్‌లకు ప్రోగ్రాములు రాసిస్తాను. నా చదువంతా ఇంట్లోనే సాగింది. అక్షరాలు మా నాన్న నేర్పారు, జావా అనే ప్రోగ్రాముల భాషను వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో చేసిన పనుల్లో ఒక్కటి చెప్పమంటే, లక్ష్మక్క కోసం అచ్చువేసిన ఒక్క కాగితం గురించి చెబుతాను.

మూడో ఇంటి లక్ష్మక్కకు కిడ్నీలు చెడిపోయాయి. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఏడింటికల్లా గోదావరిఖని దవాఖానలో డయాలిసిస్‌కు చేరాలి. అంటే ఇంటి నుంచి ఆరింటికే బయలుదేరాలి. అది అయ్యాక కళ్లు తిరుగుతాయి కాబట్టి ఒంటరిగా బస్సెక్కలేదు. భర్త రాజయ్య బావది బొగ్గుబావిలో పని, షిఫ్టు వారం వారం మారుతుంది. అందుకని వరుసలోని మరో ముగ్గురు కార్మికులు కూడా వంతులు పంచుకున్నారు. వాళ్లవీ మారే షిఫ్టులే. నోటిమాట ఏర్పాటు కాబట్టి ఒకరోజు ఇద్దరొచ్చారు, ఇంకోరోజు ఎవరూ రాలేదు.

"చెల్లె, నీ కంప్యూటర్‌ల ఏమన్న ఉపాయం ఉన్నదా? వస్తె నన్ను పెండ్లికి తోల్కపోయేటట్టు ఇద్దరిద్దరు వస్తున్నరు, లేకుంటె ఒక్కడు లేడు," అని నవ్వింది లక్ష్మక్క.

వంతులు కుదిర్చే ప్రోగ్రాం మొదటి నుంచి రాయాలంటే నెలలు పడుతుంది. కానీ ఓపెన్ సోర్స్ లైబ్రరీలని ఉంటాయి. ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలిపెట్టిన కోడ్ అది. అలాంటిదొకటి దొరికింది. పొద్దున దేవుడికి దీపం పెట్టి, ఆ లైబ్రరీని కంప్యూటర్‌లోకి దించుకున్నాను. మొదట నడవలేదు. నా దగ్గరున్నది పాత జావా, అదేమో కొత్తది అడిగింది. కొత్త జావా వేసి, ప్రాజెక్టు ఫైలులో లైబ్రరీ పేరు, వెర్షన్ నంబరు రాశాక కదిలింది. దాంతోపాటు రాసినవాళ్ల పేర్లూ వచ్చాయి. లక్ష్మక్కకు చదివి వినిపించాను. సగం పేర్లకు నా నోరు తిరగలేదు.

"వీళ్లకు మనం ఏమిచ్చినం?"

"ఏమీ ఇవ్వలేదక్కా."

"మరి ఎందుకిచ్చిండ్రు?"

ఆ శుక్రవారం లక్ష్మక్క ఆ పేర్లు నాచేత రాయించుకుని గుడికి వెళ్లింది. అయ్యగారు గోత్రం అడిగితే, "గోత్రం తెల్వది, ఊరు తెల్వది. మంచోళ్లు, గంతే చదువుండ్రి," అందట.

నలుగురి షిఫ్టులూ ఎక్కించి, నెల వంతుల కాగితం అచ్చువేసి ఆమె గోడకు అంటించాను. చాలా తృప్తిగా అనిపించింది.

మొదటి మంగళవారం ఆరున్నరకు లక్ష్మక్క ఫోను. "చెల్లె, సమ్మన్న రాలే. మీ బావ సుత డ్యూటీకి పోయిండు."

సమ్మన్న ఆమె పక్కింటాయన, వంతులు పంచుకున్న ముగ్గురిలో ఒకరు; ఆ రోజు వంతు ఆయనదే. ఫోను కలవలేదు. బావిలోకి ఫోన్లు తీసుకెళ్లరు. ఆటో మాట్లాడుకుని నేనే తీసుకెళ్లాను. చేరేసరికి ఆలస్యమైంది, ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. పదకొండింటికి చూస్తామన్నారు. అప్పటికే ఆమె పాదాలు ఉబ్బాయి, మాటమాటకూ ఆయాసం. బెంచీ మీద ఆమె చేయి పట్టుకుని, తెలిసిన స్తోత్రాలన్నీ లోపల చదువుకున్నాను. నా కాగితం వల్ల ఈమెకేమన్నా అయితే?

"ఏడ్వకు చెల్లె. నీళ్లు నాకు తాగద్దన్నరు గని, నీకు గాదు. పోయి చాయ తాగిరా," అంది.

ఎనిమిదిన్నరకు సమ్మన్న వచ్చాడు. కనుబొమ్మల నిండా బొగ్గు.

"తప్పయింది వదినా! బాయిలకెంచి పైకి ఎక్కంగనె బండి తీసిన."

"అన్నా, మీది సోమవారం నైట్ షిఫ్టు కదా? మంగళవారం పొద్దున ఖాళీ అనుకున్నాను," అన్నాను.

"సోమారం నైట్ అంటె సోమారం రాత్రి బాయిలకు దిగి మంగళారం పొద్దుగాల ఏడింటికి పైకి ఎక్కుడు చెల్లె. కాయితంల నా పేరు చూసిన. లేట్ అయితది గని ఉరుకుదాం అనుకున్న. నువ్వు కష్టపడి చేస్తివి, కాదని ఎట్ల అనాలె?"

నైట్ షిఫ్టును నేను ప్రోగ్రాంలో అర్ధరాత్రితో ముగించాను. లైబ్రరీ నేను చెప్పిందే నమ్మింది. మంథనిలో మా నాన్న పంచాంగం చూసేవారు. అందులో రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. అది తెలిసిన నేనే రాత్రి పన్నెండింటికి గీత గీశాను.

పదకొండింటికి లక్ష్మక్కకు మంచం దొరికింది. మూడింటికి తేరుకుని, "ఆకలైతాంది" అంది. ఆ మాటకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిదిద్దాను. నైట్ షిఫ్టు మరునాడు ఏడింటి దాకా సాగుతుంది. అది చేసి వచ్చిన మనిషికి ఆ పొద్దున వంతు పడదు, నిద్రపోవాలి. ఈసారి కాగితాన్ని నలుగురికీ చదివి వినిపించి, తప్పులు చెప్పమని అడిగాకే గోడకు అంటించాను.

గురువారం వంతు ఆ ముగ్గురిలో ఇంకొకరైన ఓదెలన్నకు పడింది. ఆయన చెప్పిన వేళకు తీసుకెళ్లాడు. అయినా మనసు ఆగక నేనూ వెళ్లాను. ఎనిమిది దాటాక సమ్మన్న కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికొచ్చాడు.

"ఇవాళ మీ వంతు కాదన్నా. పోయి పడుకోండి."

"ఎరుకే చెల్లె. వదినను చూసి పోత."

తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో గురక. సిస్టరు లేపబోతే, ఎడమ చేయి యంత్రానికి ఉన్న లక్ష్మక్క కుడి చేయి ఎత్తి ఆపింది. "లేపకమ్మా. రాత్రంత బాయిల పనిచేసిండు."

ఇప్పుడు ఎవరు పని చెప్పినా ముందు కంప్యూటర్ తెరవను. వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుని, "మీ రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది?" అని అడుగుతాను.